దసరా నాడు కడిగిన ట్యాంకు

ఆగయ్య సాంచాల ఫిట్టరు. సాంచా అంటే కరెంటుతోని నడిచే మగ్గం. సిరిసిల్ల దిక్కు నుంచి పద్దెనిమిదేండ్ల వయసుల సూరత్ రైలెక్కినోడు, ముప్పై ఏండ్లు ఆ చప్పుడు నడుమనే బతికిండు. చెవులు సగం పోయినయి. ఎదుటోళ్ళ మూతి కదిలేది చూసి మాట తెలుసుకునేటోడు. ఇంట్ల గూడ మాట్లాడేది తక్కువే. అడిగినదానికి "ఆఁ" అనో, "కానీ" అనో అని ఊకునేటోడు. ఆయన పెండ్లాం భాగీరథికి ఇరవై రెండేండ్ల సంసారంల అది అలవాటైపోయింది.

మాట ఊకున్నా చేతులు ఊకుండేవి గావు. బిడ్డ నవత చిన్నగున్నప్పుడు చీరల డబ్బా అట్ట కత్తిరించి ఒక లారీ చేసిచ్చిండు. తలుపులు తెరుచుకునేవి, చక్రాలు తిరిగేవి. నవత రెండు రోజులు ఆడుకొని పడేసింది. ఆయన మాత్రం పడెయ్యలే. ఇంకో లారీ చేసిండు, దానికి ఆకుపచ్చ రంగేసి మిలట్రీ లారీ అన్నడు. తర్వాత జీపు. తర్వాత ఫోన్ల ఎవరో తెల్లాయన అచ్చం అసలు ట్యాంకు లెక్కనే జానెడు ట్యాంకు చేసుడు చూసిండు. ఆ వీడియోల మాట అర్థం కాకున్నా ఆగయ్యకు నష్టం లేకుండె. చేతులనే చూసేటోడు.

సాంచాలకు వారంల ఒక రోజు సెలవు. ఆ రోజు సూరత్‌ల నవాగామ్ బస్తీల రెండు అర్రల ఇంట్ల, కిటికి కింద, అట్టలు, కత్తెర, పటకారు, ఫెవికాల్ డబ్బ ముందలేసుకొని కూసునేటోడు. కొనుక్కొచ్చేది ఏం లేదు. కార్ఖానల పారేసిన దారపు బాబిన్లు కోస్తే చక్రాలు. పాత రేడియో ఏరియల్ అయితే ఫిరంగి గొట్టం. జరీ పోగులు నాలుగు మెలేస్తే ఇనుప తాడు. షాంపు సీసాలు కత్తిరించి గోరు తునకలంత ముక్కలు చేసి, ఒక్కొక్కటి గుచ్చి ట్యాంకు చక్రాల చుట్టు తిరిగే పట్టా చేసేటోడు. ఒక్కో దిక్కు తొంభై ముక్కలు.

"ఏందక్కా, మీ ఆయన లడాయికి పోతుండా ఏంది?" అని పక్కింటి సంధ్యారాణి ఎగతాళి పట్టేది.

"ముందుగాల మార్కెట్‌కు పొమ్మను, తర్వాత లడాయికి పోవచ్చు" అనేది భాగీరథి.

కార్ఖానల తోటి పనోళ్ళు ఆయనను మేజర్ సాబ్ అని పిలిచేటోళ్ళు. ఆగయ్యకు వినపడేదో లేదో, నవ్వేటోడు.

భాగీరథి గూడ ఖాళీగుండేది కాదు. ఇంట్లనే కూసొని చీరల మీద టిక్కీలు అంటించే పని చేసేది. టిక్కీ అంటే అద్దం ముక్కంత మెరుపు రాయి. ఒక్కో చీరకు వందల రాళ్ళు, సూది మొనతోని గమ్ము పెట్టి, ఒక్కటి గూడ వంకర పోకుండ. ఒకనాడు ఆగయ్య వచ్చి ఆమె ముందల చెయ్యి చాపిండు.

"ఒక రాయియ్యి."

"ఎందుకు?"

"హెడ్‌లైట్‌కు."

ఆమె అన్నిట్ల మంచిది ఏరి ఇచ్చింది. ఆయన దాన్ని వేలు మీద పెట్టుకొని కిటికి వెలుగుల తిప్పి చూసిండు. ఆ ట్యాంకుల తనదొక్క రాయి ఉన్నదని ఆమెకు లోపల్లోపల సంబురమైంది. దాని గురించి అంతకన్న ఎక్కువ ఎన్నడూ అడగలేదు. ఎవరి పని వాళ్ళది అనుకుంది. అడిగుంటే ఎట్లుండునో అని ఇప్పుడు అనుకుంటది.

ఆ ట్యాంకు ఊకె చేసింది కాదు. రెండు గల్లీల అవతల సోమలింగం అని ఒక ముసలాయన ఉంటడు. అందరు ఫౌజీ కాక అంటరు. జగిత్యాల దిక్కు మనిషి. వయసుల ఉన్నప్పుడు మిలట్రీల ట్యాంకు నడిపిండు, డెబ్బై ఒకటి లడాయిల పంజాబ్ దిక్కు బార్డర్ల ఉండె. రిటైరయినంక సూరత్‌ల కొడుకు దగ్గరికొచ్చిండు. ఆగయ్య ఒకసారి తను చేసిన జీపు తీస్కపోయి చూపిస్తే, ముసలాయన అటుతిప్పి ఇటుతిప్పి, "నా బండి చేస్తవారా?" అని అడిగిండట. అంతే. ఆగయ్య ఏడాది పొడుగూత ఆ ఒక్క బండి మీదనే కూసున్నడు.

మొత్తం తయారయి, ఆకుపచ్చ రంగు పడి, ఆరినంక భాగీరథి చూసింది. చక్కగుంది. ఎడమ దిక్కు మొదటి చక్రానికి, రెండో చక్రానికి నడుమ జర ఎక్కువ సందుంటే, "ఇక్కడ ఒక చక్రం పెట్టుడు మర్చిపోయినవు" అన్నది.

"గట్లనే ఉంటది" అన్నడు ఆగయ్య.

ట్యాంకును బట్టల చుట్టుకొని ఫౌజీ కాక ఇంటికి తీస్కపోయిండు. ఆ తర్వాత పది వారాలు, సెలవు రోజు వచ్చిందంటే అక్కడికే పోయేటోడు. పొద్దున పోతే పొద్దుగూకే యాళ్ళకు వచ్చేటోడు. ఒక డబ్బాల చిన్నచిన్న సీసాలు కూడ ఎంట తీస్కపోయేటోడు. ముసలాయనకు చూపిచ్చుకుంటుండేమో, ముచ్చట్లు పెడుతున్నరేమో అనుకుంది భాగీరథి. వారంల దొరికేది ఒక్క రోజు, ఆ రోజు గూడ ఇంట్ల ఉండకపోతే ఎట్ల అని మనసుల మూల్గేది. ట్యాంకు మాత్రం అక్కడ్నే ఉండిపోయింది. తేలేదు.

దసరాకు ముందు రోజు పొద్దుగూకినంక తెచ్చిండు. బట్టల చుట్టి అలమార మీద పెట్టి, "రేపు పండుగ పూట జమ్మితోని కాక చేతుల పెట్టాలె" అన్నడు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొఖం వెలుగుతుండె.

దసరా పొద్దుగాల ఆగయ్య కార్ఖానకు పోయిండు. పద్మశాలోళ్ళకు దసరా అంటే పనిముట్ల పండుగ. సాంచాలను తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడుతరు. ఇంట్ల పనిముట్లు భాగీరథి పని. పటకారు, కత్తెర, సూదులు, గమ్ము సీసా మూత, ఆఖరికి గ్యాసు పొయ్యి గూడ కడిగి బొట్లు పెట్టింది. అలమార మీది మూట యాదికొచ్చింది. మొగడు ఏడాది కష్టపడ్డ వస్తువు. దానికి పసుపు లేకుంటే ఎట్ల అని దించి విప్పింది.

విప్పి చూసి నెత్తి కొట్టుకుంది. ట్యాంకు నిండ మట్టి. చక్రాల నిండ బురద ఎండి గట్టిగైంది. పక్కల పొంటి తుడిచినట్టు, గీకినట్టు మరకలు. గొట్టం కొసకు మసి. పట్టాలకు తుప్పు.

"చూడే నవతా, ఫౌజీ తాత మనుమలు దీన్ని మోరిల పడేసిన్రో ఏందో" అన్నది.

నవత జడేసుకుంట తొంగి చూసింది. "అరే, పూరా గందా అయ్యింది. బాపు చూళ్ళేదా?"

"పొద్దుగూకి తెచ్చిండు గద, చూసుండడు. పండుగ పూట పెద్దమనిషి చేతుల గిట్లాంటిది పెడ్తరా?"

గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. సబ్బు పొడి కలిపింది. పండ్లు తోముకునే పాత బ్రష్షుతోని సందు సందూ రుద్దింది. చీర మీద రాయి అంటించినంత జాగ్రత్తగ రుద్దింది, ఒక్క ముక్క ఊడకుండ. ఎండిన మట్టి నాని మెల్లగ జారిపోతుంటే పానం నిమ్మలమైంది. రెండుసార్లు నీళ్ళు మార్చింది. తుడిచి, ఎండల పెట్టి, చక్రాలకు పసుపు, ముందల కుంకుమ బొట్టు, గొట్టం మీద బంతిపువ్వు పెట్టి, పీట మీద పటకారు పక్కన నిలబెట్టింది. హెడ్‌లైటు తళుక్కుమన్నది.

ఆగయ్య చేతుల, దసరాకు సూరత్‌ల అందరు తినే ఫాఫ్డా జిలేబి పొట్లం పట్టుకొని వచ్చిండు. గుమ్మంల చెప్పులిడుస్తుంటే పీట కండ్ల పడ్డది. ఒక చెప్పు ఇడిసి, ఒకటి కాలికే ఉంచుకొని అట్లనే నిలబడ్డడు.

"ఎట్ల మెరుస్తుందో చూడు" అన్నది భాగీరథి, ఆయనకు మూతి కనపడేటట్టు ముందలికొచ్చి. "మస్తు మురికుండె. నీళ్ళు నల్లగ పోయినయి."

"బాపూ, ఏక్‌దమ్ షోరూమ్ పీస్" అన్నది నవత.

ఆయన పొట్లం కింద పెట్టిండు. దగ్గరికి పోయి వంగి, ఎడమ దిక్కు ముందల వేలు పెట్టి రాసిండు. చానసేపు రాసిండు.

"మంచిగ కడిగినవు" అన్నడు.

అంతే అన్నడు. కాళ్ళు కడుక్కొని వచ్చి మొక్కుకున్నడు, తిన్నడు. పొద్దుమీకి జమ్మి ఆకు పట్టుకొని ఫౌజీ కాక ఇంటికి బయలెల్లితే భాగీరథి మూట అందియ్యబోయింది.

"వద్దు. దాంట్ల జర పని ఉన్నది."

"అయిపోయిందంటివి?"

"జర ఉన్నది" అని జమ్మి ఒక్కటే పట్టుకొని పోయిండు.

ఆ తర్వాత సెలవు రోజులు ఇంట్లనే ఉన్నడు. మూడు నెలలు. ఫౌజీ కాక ఇంటికి పోలేదు. కిటికి కింద కూసున్నా కత్తెర పట్టలేదు. భాగీరథికి అవి మంచి రోజులు. ఉల్లిగడ్డ కోసిచ్చేటోడు, చీరలు మడతపెడితే ఇంకో కొస పట్టుకునేటోడు. ఎన్నడు లేనిది ఒకసారి "డుమస్ పోదామా?" అన్నడు. సముద్రం ఒడ్డున టమాట భజియా తిన్నరు. ఆయన వంగి నల్ల ఇసుక పిడికెడు తీసి, వేళ్ళ నడుమ నలిపి, వాసన చూసి, ఇడిసిపెట్టిండు. ఇంకో తాన ఇంకో పిడికెడు తీసిండు. చిన్నపోరని లెక్క ఆడుకుంటుండు అని ఆమె నవ్వింది. ఆయన కూడ నవ్విండు. ఆ పిచ్చి వదిలింది, మొగడు ఇంటిపట్టునున్నడు అనుకుంది. దేవునికి దండం గూడ పెట్టుకుంది.

సంక్రాంతి పతంగుల పండుగ ఇంకా వారం ఉన్నదనంగ, పట్టపగలు, సాంచాకు బెల్టు బిగిస్తూ ఆగయ్య కూలిపోయిండు. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది.

పదకొండో రోజుకు ఫౌజీ కాక కర్ర పట్టుకొని వచ్చి ఒక మూలకు కూసొని పోయిండు. బండి గురించి ఏం అడగలేదు.

నెల మాసికం అయినంక భాగీరథి అలమార సదురుతుంటే ట్యాంకు పక్కన సీసాల డబ్బా, ఒక నోటుబుక్కు దొరికినయి. సీసాల్ల ఒకదాంట్ల జల్లెడ పట్టిన సన్నటి మట్టి, ఒకదాంట్ల తుప్పు పొడి, ఇంకోదాంట్ల పెన్సిలు ముల్లు నూరిన నల్ల పొడి. నోటుబుక్కు నిండ ట్యాంకు బొమ్మలు, పక్కన తెలుగుల రాతలు. నవతకు ఇచ్చి సదువుమన్నది. నవత సదివింది సూరత్ బడిల. పేజీలు తిప్పింది.

"నాకు తెలుగు పఢ్నా ఎక్కడొస్తది అమ్మా? మాట్లాడుడే వస్తది."

భాగీరథి మూడో తరగతి దాకా పోయింది. అక్షరాలు అక్షరాలుగ పట్టుకుంటది. ఒత్తు దగ్గర ఆగుతది. టిక్కీల పని పక్కన పెట్టి, వేలు పెట్టుకుంట, రోజుకు నాలుగు లైన్లు సదివింది. పేజీకి ఒక బొమ్మ, బొమ్మకు బాణం గుర్తు, గుర్తు దగ్గర రాత.

చక్రాల మట్టి తాపీ నది ఒడ్డుది, సింగన్‌పూర్ దిక్కు. రెండుసార్లు మల్‌మల్ బట్టల జల్లించాలె. కాక చెప్పిన రంగుకు జర సున్నం కలపాలె.

తుప్పు ఆరో నంబరు సాంచాది. గీకి నూరిన.

ఎడమ పక్క ముందల మట్టి ఉండొద్దు. అక్కడ ఫిరంగి పేల్చే గన్నరు బూటు పెట్టి ఎక్కేటోడట. రోజు అదే తాన. మట్టి అరిగి ఇనుము కనపడేదట. కాక వేలు పెట్టి చూపెట్టిండు. పెన్సిలు పొడి వేలితోని రుద్దాలె. బూటు కొస ఆకారం రావాలె. నాలుగోసారికి వచ్చింది. కాక చూసి లేచి లోపలికి పోయిండు.

దాని కింద ఇంకో లైను. లడాయిల నది దాటినంక గన్నరు బండి దిగిండు, మళ్ళ ఎక్కలేదు.

ఈ ఒక్క పేజీకి భాగీరథికి రెండు రోజులు పట్టింది. సదివినంక కూడ అర్థం కావడానికి జర సేపైంది. అర్థమైనంక నోటుబుక్కు ఒడిల పెట్టుకొని అట్లనే కూసుంది. బ్రష్షు పట్టుకొని సందు సందు రుద్దింది గదా. నీళ్ళు రెండుసార్లు మార్చింది గదా. నల్లగ పోయినయని సంబురంగ చెప్పింది గదా.

డుమస్ ఇసుక ఎందుకు నలిపిండో అప్పుడు తెలిసింది. తాపీ మట్టి అయిపోయిందో, ఆ రంగు మళ్ళ కుదరలేదో.

తనే పెడదామనుకుంది. చేతులు సన్నపనికి అలవాటే. నవతను ఎంటేసుకొని ఆటోల సింగన్‌పూర్ దిక్కు పోయి మట్టి తెచ్చింది, జల్లించింది, సున్నం కలిపింది, ఫెవికాల్ నీళ్ళతోని కుడి దిక్కు చక్రాలకు పెట్టింది. ఆరినంక చూస్తే గోడకు మెత్తినట్టున్నది. నడిచొచ్చిన బండి మట్టి కాదు అది. ఎడమ దిక్కు బూటు తాన వేలు పెట్టనే పెట్టలేదు. చూడని మనిషి బూటు ఎట్ల పెడుతది? తడిబట్టతోని మళ్ళ తుడిచేసింది.

ఇంక ఒక్కటే మిగిలింది. బండిని ఎవరికోసం చేసిండో వాళ్ళకు ఇచ్చి, నేనే కడిగిన అని చెప్పుడు. ఆ మాట మొగనికి చెప్పాల్సింది. ఆయన లేడు. కనీసం ముసలాయనకు చెప్పకుంటే అన్నం సయించదు అనిపించింది.

ఒక పగటి పూట ట్యాంకును చీరల డబ్బాల పెట్టుకొని రెండు గల్లీలు దాటింది. ఫౌజీ కాక కోడలు పద్మారాణి తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, వరండలకు పంపింది. ముసలాయన కుర్చీల కూసొని ఉన్నడు.

"రా బిడ్డా, కూసో. నవత మంచిగున్నదా?"

"మంచిగున్నది మామా. నీ బండి తెచ్చిన."

డబ్బ తెరిచి ఆయన ఒడిల పెట్టింది. సోమలింగం అద్దాలు పెట్టుకున్నడు. చక్రాలు లెక్కపెట్టిండు. మొదటిదానికి, రెండోదానికి నడుమ సందుల చిటికెన వేలు పెట్టి చూసిండు. "ఎంత సందు చెప్తే అంతే పెట్టిండు ఆగయ్య" అన్నడు. తర్వాత ఆయన వేలు తనంతట తానే ఎడమ దిక్కు ముందలికి పోయింది. అక్కడ ఆగింది. నున్నటి ఆకుపచ్చ రంగు.

"మట్టేదీ?"

భాగీరథి తొవ్వ పొడుగూత అనుకుంట వచ్చిన మాటలు ఒక్కటి యాదికి రాలేదు.

"నేనే కడిగిన మామా. దసరా నాడు. మురికనుకున్న. సబ్బు పెట్టి కడిగిన."

ముసలాయన ఆమె దిక్కు చూసిండు. "దసరా నాడా?"

"ఆఁ."

"నాకు గట్ల చెప్పలేదు వాడు." బండిని ఒడిల సక్కగ పెట్టుకున్నడు. "జమ్మి ఇచ్చి కాళ్ళు మొక్కిండు. బండేదిరా అంటే, కింద పడేసిన కాకా, నాదే తప్పు, మళ్ళ చేసి తెస్త అన్నడు. చేతులేమన్న వణుకుతున్నయారా ముసలోని లెక్క, అని నవ్విన నేను. ఆ తర్వాత రాలేదు. మూతి కనపడేటట్టు వీడియో ఫోన్ చేస్తే, మట్టి కుదురుతలేదు కాకా అనేటోడు. మట్టి లేకుంటే లేకపాయె, నువ్వు రారా, ఛాయ్ తాగి పో అన్న. వస్త అన్నడు. రాలేదు. ఉత్త చేతులతోని రావడానికి సిగ్గుపడ్డడు." మోకాలు రాసుకున్నడు. "నేనన్న పోవాల్సుండె. రెండు గల్లీలే గద. మోకాళ్ళు నొస్తున్నయని కూసున్న."

భాగీరథికి ఆ మూడు నెలల సెలవు రోజులు ఒక్కొక్కటి కండ్ల ముందలికి వచ్చినయి. ఉల్లిగడ్డ కోసిన రోజు. చీర కొస పట్టుకున్న రోజు. ఇంటిపట్టునున్నడని మురిసింది. ఆయన పోవడానికి తావు లేక కూసున్నడు. ఆ తావు తనే కడిగేసింది.

"ఎట్లుండెనో నాకు చెప్పు మామా" అన్నది. "నా చేతులు సన్నపని చేస్తయి. నువ్వు చెప్పు, నేను పెడ్త. ఎన్నిసార్లయినా పెడ్త."

సోమలింగం అద్దాలు తీసిండు.

"నాతోని కాదు బిడ్డా. ఇన్నేండ్లల్ల ఒక్కసారే చెప్పిన. నా కొడుక్కు గూడ చెప్పలే. వానికి వినరాదు గద, నేను మాట్లాడుతుంటె నా మూతి దిక్కే చూసుకుంట కూసునేటోడు, రెప్ప కొట్టకుండ. గట్ల చూస్తే చెప్పబుద్ది అయ్యింది. మళ్ళ రాదు."

ఆమె తల ఊపింది.

ముసలాయన బండిని కిందపెట్టలేదు. ఒడిలనే పెట్టుకొని, "పద్మారాణీ, ఛాయ్ పెట్టు" అని పిలిచిండు. ఛాయ్ వచ్చింది. ఇద్దరు తాగిన్రు. నవత పెండ్లి గురించి అడిగిండు, ఇప్పుడే కాదన్నది. పోయేటప్పుడు, "అప్పుడప్పుడు రా" అన్నడు. గొంతుల కోపం ఏం లేదు. ఆమె వెతికింది గూడ, లేదు.

ఇంటికొచ్చేసరికి నవత గుమ్మంల ఎదురుచూస్తుంది.

"క్యా బోలే తాత? తీసుకున్నడా?"

"తీసుకున్నడు."

"గుస్సా చేసిండా?"

"లేదు."

"చలో, అచ్ఛా హువా" అని నవత లోపలికి పోయింది.

అచ్ఛా ఏం కాలేదు. భాగీరథి చెప్పులిడిసి చీరల మూట ముందలేసుకొని కూసుంది. సూది మొనకు గమ్ము ఎత్తి, పెట్టకుండ అట్లనే పట్టుకుంది. దసరా నాడు గుమ్మంల నిలబడి ఆయన ఒక్క మాట, "ఏం చేసినవే?" అని గట్టిగ అరిస్తే ఎంత బాగుండె. తను గూడ మాటకు మాట అనేది, ఏడ్చేది, పండుగ పూట ఇద్దరు తిండి మానుకునేటోళ్ళు. తెల్లారి గోనెసంచి పట్టుకొని ఇద్దరు కలిసి తాపీ ఒడ్డుకు మట్టికి పోయేటోళ్ళు.